సముద్రం లేని రేవులో ఒక శుక్రవారం

శంషాబాద్‌లో రేవు తనిఖీకి వెళ్లాలని ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వింది. విశాఖలో పుట్టి, ఓడల కూత వింటూ పెరిగిన మనిషి, నవ్వక ఏం చేస్తుంది? "అక్కడ దిగేవి విమానాలు కదా, ఓడలెప్పుడు వచ్చాయి?" అంది. ఓడలు రావు, ఓడల్లో వచ్చిన సరుకు వస్తుంది. తీరంలో దింపిన కంటైనర్లను రైలు మీదో లారీ మీదో తెచ్చి ఆ చుట్టుపక్కల డిపోల్లో పెడతారు. సుంకాల పని అక్కడే పూర్తిచేసి, అక్కడినుంచే సరుకు వదులుతారు. ఆ డిపోల కంప్యూటర్లు రేవు కంప్యూటర్లతో కలిసి ఉంటాయి కాబట్టి ఒకచోట పట్టిన జ్వరం రెండోచోటికీ అంటుకుంటుంది. అందుకని ప్రభుత్వం రెండు చోట్లా సైబర్ భద్రత తనిఖీ చేయిస్తుంది. ఆ పని చేసే చిన్న బృందంలో నేనొకణ్ని.

ఈసారి వెళ్లాల్సింది తొండుపల్లి దగ్గరి ఒక డిపోకి. అక్కడ గేటు కంప్యూటర్ దగ్గర పనిచేసే సుజాత అనే అమ్మాయి పేరుతో, ఒక కంటైనర్‌ను ఫలానా లారీకి వదిలేయమని ఆదేశం వెళ్లింది. లారీ వచ్చింది, కంటైనర్ వెళ్లింది, తర్వాత హైవే పక్కన ఖాళీగా దొరికింది. సుజాత పాస్‌వర్డ్ బయటివాళ్లకు చెప్పిందని డిపోవాళ్లు రాసి పంపారు. నేను ఔనంటే ఆమె ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా పడుతుంది. కాదంటే తప్పు డిపోది అవుతుంది, రేవుతో వాళ్ల లింకు తెగుతుంది. ఏదో ఒకటి తేల్చడానికి నాకిచ్చింది ఒక్క రోజు.

విశాఖ నుంచి పొద్దున మొదటి విమానం పట్టుకున్నాను. నెల ముందు కొంటే మూడు వేలకు దొరికే టికెట్, చివర్లో కొనడంతో ఆరు వేలకు చేరింది. ప్రభుత్వ పని కాబట్టి నాకు నొప్పి తెలియలేదు గానీ సొంత పని మీద వచ్చేవాళ్లు ముందే చూసుకోండి. ప్రయాణం గంటంబావు. బయటికి రాగానే నగరంలోకి వెళ్లే బస్సులు వరసగా కనిపిస్తాయి, కానీ శంషాబాద్‌లోనే పనున్నవాళ్లకు అవి పెద్దగా పనికిరావు, చాలావరకు ఊళ్లోకి రాకుండా పైదారిన పోతాయి. దగ్గరి కిరాయి అనగానే క్యాబ్‌వాళ్లు మొహం పక్కకు తిప్పుకుంటారు. తర్వాత నాలుగైదు వందలు అడుగుతారు. ఎక్కకముందే బేరం తేల్చుకోవడం మంచిది. నాకు ఆ బాధ లేకుండా డిపోవాళ్లు కారు పంపారు.

డ్రైవర్ పేరు యాదయ్య. నలభై దాటిన మనిషి, సొంతూరు తొండుపల్లే. రోజూ డిపో సిబ్బందిని ఇళ్లనుంచి తెచ్చి దింపే పని ఆయనది. "మా బాపు జొన్నలేసిన చెల్క మీద ఇప్పుడు గోడౌన్ ఉన్నది సార్. గేటు కాడ వాచ్‌మన్ నన్నే అడుగుతడు, నువ్వెవరు అని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కారు నిగనిగలాడుతోంది, కొని ఏడాది కూడా అయినట్టు లేదు. ఒక్కటే తేడా కనిపించింది. డ్రైవర్ ముందుండే అద్దం, వెనకసీటు కనబడాల్సింది, కారు కప్పు వైపు తిప్పి ఉంది.

"అద్దం అట్లా ఉందేమిటి?" అన్నాను.

"జర లూజయింది సార్. పక్క అద్దాలల్ల సూస్కుంట పోతున్న."

కొత్త కారులో అద్దం లూజవడం వింతగానే అనిపించింది. కానీ పొద్దున్నే డ్రైవర్‌తో వాదన పెట్టుకోవడం నా పద్ధతి కాదు. సీటు బెల్టు పెట్టుకుని ఊరుకున్నాను.

శంషాబాద్ బస్టాండు దగ్గర టిఫిన్‌కి ఆపాడు. ప్లేటు దోశ నలభై రూపాయలు, చట్నీలో పల్లీ తప్ప కొబ్బరి జాడ లేదు, చాయ్ మాత్రం చిక్కగా బాగుంది. ఇక్కడ రాత్రి ఉండాలనుకునేవాళ్లకు పన్నెండు వందలనుంచి లాడ్జీలు దొరుకుతాయి. హైవే వైపు గది తీసుకుంటే లారీల హారన్లు తెల్లారేదాకా మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటాయి, వెనకవైపు గది అడగండి. మళ్లీ కారెక్కాక యాదయ్య గొంతు సవరించుకున్నాడు.

"సుజాతమ్మ సంగతి తేల్చనీకి వచ్చిన్రా సార్?"

"కంప్యూటర్ల సంగతి తేల్చడానికి."

"మైలార్‌దేవ్‌పల్లి నుంచి రోజు నేనే తీస్కొస్త. గసోంటి మనిషి కాదు సార్."

"అందరి గురించీ అట్లాగే అంటారు" అన్నాను. తొండుపల్లి దాటి సర్వీసు రోడ్డులో డిపో గేటు వచ్చేదాకా యాదయ్య పక్క అద్దాల్లోనే చూస్తూ నడిపాడు.

డిపో మేనేజరు మూర్తి గారిది గోదావరి వైపు. కాఫీ తెప్పించి, విశాఖలో వానల గురించి అడిగి, కుశలప్రశ్నలన్నీ అయ్యాక నెమ్మదిగా అసలు విషయానికి వచ్చారు. "సిస్టం పరంగా మాకు లోటేమీ లేదండీ. మనిషి చేసిన పొరపాటు. ఆదేశం ఆ అమ్మాయి పేరుతోనే వెళ్లింది, మీరే చూడండి." చూశాను. పేరు ఆమెదే, వెళ్లింది ఒక శుక్రవారం పొద్దున పదకొండు దాటాక. కానీ అది డిపో లైనునుంచి వెళ్లలేదు, ఎవరిదో మొబైల్ నెట్‌నుంచి వెళ్లింది. ఆ మాటే అంటే ఆయన తల ఊపారు. "అదేనండీ నేననేదీ. తన ఫోన్‌లోంచి చేసి ఉంటుంది." మనిషి చెడ్డవాడిలా అనిపించలేదు. లింకు తెగితే పైవాళ్లకు ఏం చెప్పుకోవాలా అన్న భయం మాత్రం మొహమంతా ఉంది.

సుజాతను కంప్యూటర్ దగ్గరికి రానివ్వడం లేదు. రోజూ రమ్మని, వరండాలో బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. ముప్పై ఏళ్లుంటాయి, భుజాన సంచి తీయకుండానే కూర్చుని ఉంది. అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పింది.

"మూడు షిఫ్టులు నా పేరు మీదనే నడుస్తయి సార్. మిగిలినోళ్లకు ఇంక లాగిన్లు రాలె. పొద్దున నేనొచ్చి తెరుస్త. మల్ల తెల్లారి నేనొచ్చేదాంక గదే నడుస్తది."

"షిఫ్టు మారినప్పుడు మూసేయరా?"

"బంద్ జేసి మల్ల తెరిచేవరకు లారీలు లైను కడ్తయి. డ్రైవర్లు పరేషాన్ చేస్తరు."

"పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"చెప్పే అవసరమే లేదు గద సార్. కాయిదం మీద రాసి కంప్యూటర్‌కే అంటించిన్రు."

ఈ వృత్తిలో ఇట్లాంటి కాగితాలు చాలా చూశాను, కోపం రావడం ఎప్పుడో మానేసింది. లేవబోతుంటే ఆమె అడిగింది.

"నేను చెయ్యలేదని రాస్తరా సార్?"

"చేశావనడానికి రుజువు దొరక్కపోతే, రుజువు లేదని రాస్తాను."

"రుజువు లేదన్నది వేరే, చెయ్యలేదన్నది వేరే సార్. మీరు గా మొదటి మాట రాస్తే మా గల్లీల నన్ను దొంగనే అంటరు. ఎట్లనో తప్పించుకున్నది అంటరు." గొంతు పెంచకుండానే అంది. నాకు మాత్రం గట్టిగా తగిలింది. మా నివేదికలన్నీ ఆ మొదటి మాట మీదే నడుస్తాయి.

పదకొండు అవుతుండగా గేటు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసుకుంటుంటే, జర లేవమన్నారు. శుక్రవారం పూజ. వ్యాపారం జరిగే ప్రతిచోటా వారం వారం ఉండేదే, డిపోకి మినహాయింపు లేదు. ముందు గేటు గదిలో కంప్యూటర్‌కి పసుపు, కుంకుమ, అగరుబత్తి. తర్వాత అందరూ బయటికి వెళ్లి క్రేన్‌కి హారతి ఇచ్చి, గేటు దగ్గర కొబ్బరికాయ కొడతారు. జరిగిన దాని తర్వాత పాస్‌వర్డ్ మార్చారట. కొత్తది కొత్త కాగితం మీద రాసి పాత చోటే అంటించారు. కుంకుమ పెట్టే మనిషి ఆ కాగితానికి కూడా భక్తిగా ఒక బొట్టు పెట్టింది. నేను నవ్వు ఆపుకుని పక్కన నిలబడ్డాను.

ఎప్పుడూ సుజాత పట్టుకునేదట, ఈసారి హారతి పళ్లెం ఇంకెవరో పట్టుకున్నారు. సుజాత బెంచీ దగ్గరే నిలబడి దూరంనుంచి దండం పెట్టుకుంది. గేటు దగ్గర ఎవరో యాదయ్యను పిలిచారు. "యాదన్నా, ఇయ్యాల వీడియో తియ్యవా ఏంది?"

"ఫోన్ల ఛార్జింగ్ లేదు" అన్నాడు యాదయ్య.

పొద్దున్నుంచీ కారులో ఆయన ఫోన్ ఛార్జర్‌కి తగిలించే ఉంది.

మధ్యాహ్నం భోజనానికి యాదయ్యా నేనూ సర్వీసు రోడ్డు అవతల రాములమ్మ మెస్సుకి వెళ్లాం. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర, అన్నీ కలిపి వంద రూపాయలు. ఈ దారిన వచ్చినవాళ్లు తప్పకుండా తినాల్సిన తిండి, పచ్చిపులుసు రెండోసారి అడిగితే కూడా విసుక్కోకుండా పోస్తుంది. డిపో పూజ సంగతి ఎత్తితే రాములమ్మ రొట్టె తడుతూనే చెప్పింది.

"ప్రసాదం పులిహోర ఈడికెల్లే పోతది సార్. శుక్కురారం పదకొండింటికి గా రూముల పురుగు గూడ ఉండదు. అందరు క్రేన్ కాడనే."

"అది అందరికీ తెలుసా?"

"తెల్వకెట్ల? యాదిగాడు ఫోటోలు తీసి డ్రైవర్ల గ్రూపుల వెడ్తడు గద. డ్రైవర్లంత సూస్తరు. కెమెరా మంచిగ పట్టుకుంటడు పిలగాడు."

నలభై దాటిన పిలగాడు నా ఎదురుగా రొట్టె ముక్కను పప్పులో ముంచి అట్లాగే పట్టుకుని ఉన్నాడు. పొద్దున్నుంచి ఆ మనిషి ఏం మోస్తున్నాడో అప్పటికి కొంచెం అర్థమైంది.

"కంటైనర్ పోయిన ఆ శుక్రవారం కూడా వీడియో తీశావా?" అన్నాను.

ఆయన రొట్టె కింద పెట్టాడు. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసి, వీడియో తెరిచి నా ముందు పెట్టాడు. వీడియోలో క్రేన్ ముందు సుజాత ఉంది. హారతి పళ్లెం రెండు చేతులతో పట్టుకుని క్రేన్ చక్రాల చుట్టూ తిరుగుతోంది, వెనక అందరూ చప్పట్లు కొడుతున్నారు. వీడియో కొంచెం పొడుగ్గానే ఉంది. కంటైనర్ వదలమన్న ఆదేశం వెళ్లిన నిమిషం సరిగ్గా దాని మధ్యలో పడింది. ఫోన్ గడియారాన్ని ఎవరైనా మార్చవచ్చు కాబట్టి, దాన్ని డ్రైవర్ల గ్రూపులో పంపిన సమయం కూడా చూశాను. సరిపోయింది. రెండు చేతుల్లో హారతి పళ్లెం ఉన్న మనిషికి ఫోన్ నొక్కడం కుదరదు.

ఎంత తేలికగా తేలిపోయిందో అనుకుంటూ వేలితో వెనక్కి జరిపాను. వీడియోకి ముందు ఫోటోలున్నాయి. అంతకు ముందు శుక్రవారానివి. ఒకదాంట్లో గేటు గది, కుంకుమ పెట్టిన కంప్యూటర్, పక్కన దండం పెడుతూ మూర్తి గారు, మధ్యలో ఆ కాగితం. యాదయ్య కెమెరా నిజంగానే మంచిగా పట్టుకుంటాడు. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

"గిది గూడ గ్రూపుల పెట్టిన సార్" అన్నాడు యాదయ్య. "గ్రూపుల మూడొందల మంది ఉన్నరు. నేను జూస్తే దేవుని ఫోటోనే కనిపించింది. కంటైనర్ డబ్బా పోయినంక రాత్రి కూసోని సూస్తే గప్పుడు కాయిదం కనిపించింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"నా బండి కిరాయి గా డిపోదే సార్. ఏమని చెప్పాలె?" ఫోన్ వైపు చూస్తూ అడిగాడు. "వీడియో ఒక్కటి ఇస్తే సాలదా? ఫోటో తీసేస్త."

డ్రైవర్ ఫోన్‌ను బలవంతంగా తీసుకునే అధికారం నాకు లేదు, ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఉన్న మాట కూడా చెప్పాను. ఫోటో తీసేస్తే ఫోన్ కదిపినట్టవుతుంది. అట్లా కదిపిన ఫోన్లోంచి వచ్చిన వీడియోని ఎవరూ నమ్మరు. సుజాతకు ఉపయోగపడాలంటే రెండూ కలిపే ఇవ్వాలి. ఆయన లేచి బయట కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. రాములమ్మ నా వైపు చూసింది, నేను పచ్చిపులుసు వైపు చూశాను. నిజం చెప్పాలంటే, ఇవ్వకపోతే ఏం రాయాలా అని భయపడ్డాను. రుజువు లేదని రాసి విమానం ఎక్కాల్సిందే.

తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "తీస్కో సార్, అంత కలిపే తీస్కో. ఆమె రోజు నా బండ్ల ఎన్క సీట్ల కూసుంటది. అద్దంల మొఖం సూడాలె గద. ఇన్ని దినాలు అద్దం తిప్పుకోని నడుపుతున్న, ఇగ నాతోని గాదు."

మూడు గంటలకు మూర్తి గారి గదిలో నేను తేల్చినవి చెప్పాను. సుజాతను కూడా కూర్చోబెట్టమన్నాను. ఆదేశం సుజాత ఇవ్వలేదు. ఒక్క లాగిన్‌తో మూడు షిఫ్టులు నడపడం డిపోకి తెలిసి జరిగింది. పాస్‌వర్డ్ పూజ ఫోటో ద్వారా బయటికి పోయింది. అందరికీ వేర్వేరు లాగిన్లు వచ్చేదాకా రేవు లింకు ఆపాలని రాస్తున్నాను. ఆ ఫోటోలోంచి పాస్‌వర్డ్ తీసుకున్నది ఎవరన్నది పోలీసులు చూసుకుంటారు.

మూర్తి గారు కాఫీ కప్పు పక్కకు జరిపారు. "లింకు ఆపితే లారీలన్నీ నిలిచిపోతాయండీ. అసలు ఆ ఫోటో పెట్టిందెవరు? పేరు చెప్పండి, ఇవాళే తీసేస్తాను."

ఫోన్‌లో ఫోటో తెరిచి ఆయన ముందు పెట్టాను. "దీంట్లో దండం పెడుతున్నది మీరే కదండీ? తీసినప్పుడు మీరు వద్దనలేదు. ఫోటో తీసినవాణ్ని తీసేస్తే, ఫోటోలో ఉన్నవాళ్ల సంగతి కూడా రాయాల్సి వస్తుంది."

ఆయన తన ఫోటోనే చూసుకున్నారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, "రేపు పొద్దున నీ సీట్లో కూర్చో అమ్మా" అన్నారు సుజాతతో. క్షమాపణ అడగలేదు. ఆమె కూడా దానికోసం ఆగలేదు, లేచి నిలబడి నన్నడిగింది.

"ఏ మాట రాసిన్రు సార్?"

నా కంప్యూటర్ ఆమె వైపు తిప్పి చూపించాను. 'ఈ ఆదేశం సుజాత ఇవ్వలేదు.' రెండుసార్లు చదువుకుంది. అప్పుడు భుజాన సంచి తీసి బల్ల మీద పెట్టి, కూర్చుని ఏడ్చింది.

నా విమానం రాత్రికి. సాయంత్రం యాదయ్య సుజాతను దింపడానికి వెళ్తుంటే నేనూ కారెక్కాను, ముందు సీట్లో. బెంగళూరు హైవే మీద ఆ వేళ రద్దీ గట్టిగా ఉంటుంది, మైలార్‌దేవ్‌పల్లి దాకా వెళ్లి తిరిగి ఎయిర్‌పోర్టు రావడానికి రెండు గంటలు పెట్టుకోవాలి. అద్దం ఇంకా కప్పు వైపే ఉంది. శంషాబాద్ ఊరు దాటాక యాదయ్య ముందుకు చూస్తూనే చెప్పాడు.

"సుజాతమ్మా, గా ఫోటో పెట్టింది నేనే. నాకు ముందుగాలనే ఎర్కయింది. చెప్పలె."

వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు నాకు. కాటేదాన్ దగ్గర సిగ్నల్ పడింది, మళ్లీ పచ్చలైటు వచ్చింది, కారు కదిలింది. అప్పుడు ఆమె అంది.

"ఎన్ని దినాలు గట్ల తోలినవ్ అన్నా, అద్దం లేకుంట? అద్దం సక్కగ వెట్టు. ఎన్క లారీ వస్తున్నది."

యాదయ్య చెయ్యెత్తి అద్దం కిందికి దించాడు.

తర్వాత వారం పైనే రేవు లింకు తెగి ఉందని విన్నాను. ఆ రోజుల్లో లారీలు ఆగాయి, రాములమ్మ రొట్టెలు మిగిలాయి, యాదయ్య కారు ఇంటి ముందే ఉంది. తప్పు లాగిన్లదైనా నష్టం ఎప్పుడూ ఇట్లాంటివాళ్లకే ముందు తగులుతుంది. అది నాకు బాధే, అయినా ఇంకోలా రాసేవాణ్ని కాను. రేవులకు కాపలా అంటే పెద్ద పెద్ద యంత్రాలూ దూరదేశపు దొంగలూ అనుకుంటాం. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిందల్లా, మంచి మనసుతో బొట్టు పెట్టిన కాగితాలూ, చెప్పడానికి భయపడిన మనుషులూ. ఆ భయం పోతే సగం తనిఖీ అయిపోయినట్టే. మొన్న శుక్రవారం యాదయ్య నాకు ఫోటో పంపాడు. క్రేన్ ముందు హారతి పళ్లెంతో సుజాత, వెనక గేటు గది, దాని తలుపు మూసి తాళం వేసి ఉంది.

పని మీద ఈ డిపోలకు వచ్చేవాళ్లకు ఒక్క సలహా. శుక్రవారమైతే పన్నెండు దాటాక రండి. అంతకు ముందు మీకు జవాబు చెప్పేవాళ్లెవరూ సీట్లో ఉండరు, ఆ తర్వాతైతే పులిహోర మిగిలి ఉంటుంది.